చౌక కొట్టు ఎలా బతుకుతుంది?



2022 సెప్టెంబరులో బ్రిటన్ వ్యాపార రంగంలో పెద్ద వార్తే వచ్చింది. ఆల్డీ అనే జర్మన్ సంస్థ మారిసన్స్‌ను దాటేసి ఆ దేశంలో నాలుగో పెద్ద సూపర్‌మార్కెట్ అయింది. టెస్కో, సెయిన్స్‌బరీస్, ఆస్డా, మారిసన్స్ అని నాలుగు పేర్లు అక్కడివాళ్ళకు నోటికి వచ్చేసినవి. ఆ నలుగురిలో ఒకరిని వెనక్కి నెట్టింది పరాయి దేశపు చౌక కొట్టు. ఆల్డీ దుకాణంలో హంగులుండవు. సరుకును అది వచ్చిన అట్టపెట్టెలోనే అరమీద పెట్టేస్తారు. పెద్ద టెస్కో దుకాణంలో పదుల వేల రకాలు దొరికితే ఇక్కడ సుమారు రెండు వేలు. వాటిలో చాలావరకు కంపెనీ సొంత ముద్రతో వచ్చేవే.

ఇలాంటి వ్యాపారం మన చెన్నైకి కొత్తేం కాదు. 1997లో తిరువాన్మియూరులో సుభిక్ష అనే కొట్టు తెరిచారు. దానికీ హంగులు లేవు, ఏసీ లేదు, పెద్ద రోడ్డు మీద అద్దాల ముఖద్వారం లేదు. ధర మాత్రం తక్కువ. పన్నెండేళ్ళు తిరక్కుండానే అది మూతపడింది. ఒకే మాదిరి వ్యాపారం అక్కడ నిలిచి ఇక్కడ ఎందుకు మునిగిందన్నదే ఈవేళ నా విషయం. అయితే తిరువాన్మియూరు చేరే ముందు మౌంట్ రోడ్డు మీదుగా వెళ్ళక తప్పదు. ఈ ఊరికి పెద్ద దుకాణం అంటే ఏమిటో చూపించింది బ్రిటిష్‌వాళ్ళే.

1863లో చార్లెస్ డ్యూరంట్, జాన్ విలియం స్పెన్సర్ అనే ఇద్దరు మద్రాసులో కొట్టు పెట్టారు. తరవాత అది యూజీన్ ఓక్‌షాట్ చేతికి వచ్చింది. 1895 ప్రాంతంలో మౌంట్ రోడ్డు మీద ఎర్రటి పెద్ద భవనం లేచింది. ఆసియాలోకెల్లా పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ అని దానికి పేరు. ఒకే కప్పు కింద ఎనభైకి పైగా విభాగాలు. దిండిగల్లు పొగాకుతో చుట్టలు చుట్టించి విదేశాలకు పంపారు. రైల్వే స్టేషన్లలో భోజనశాలలు నడిపారు. కన్నెమరా హోటల్ కూడా వాళ్ళదే. దొర ఓడ దిగిన దగ్గరనుంచి తిరిగి ఓడెక్కేదాకా వాడికి కావలసినవన్నీ స్పెన్సరే అమ్మాలన్నది లెక్క. వ్యాపారంగా చూస్తే గొప్ప లెక్కే. కాకపోతే గిరాకీ అంతా ఒకే వర్గం మీద నిలబడింది: దొరలు, వాళ్ళతో సరితూగాలనుకునే జమీందార్లు, వకీళ్ళు. 1947 తరవాత దొరలు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ డబ్బుతో అంత పెద్ద భవనాన్ని పోషించడం కష్టమైంది. 1980ల మొదట్లో ఆ భవనం మంటల్లో కాలిపోయింది. ఆ స్థలంలో లేచిన స్పెన్సర్ ప్లాజా 1991లో తెరుచుకుంది. చెన్నై కుర్రకారు కొన్నేళ్ళపాటు అక్కడే తిరిగారు. కంపెనీ ఆర్పీజీ చేతికి మారింది. స్పెన్సర్స్ రిటైల్ ప్రధాన కార్యాలయం ఇవాళ కోల్‌కతాలో ఉంది.

దొరల దుకాణం అలా వెలుగుతున్న కాలంలోనే, అక్కడికి కూతవేటు దూరంలో, ఇంగ్లండు నుంచి ఇంకో రకం దుకాణం వచ్చింది. దీన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. 1844లో రాచ్‌డేల్ అనే నేత ఊళ్ళో 28 మంది పనివాళ్ళు తలా ఒక పౌను వేసుకుని ఒక కొట్టు తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు, ఇంతే సరుకు. అక్కడి కొట్లవాళ్ళు పిండిలో సుద్ద కలిపేవాళ్ళు. అరువిచ్చి మెడ పట్టుకునేవాళ్ళు. ఆ బాధ పడలేకే వీళ్ళు తమ కొట్టు తామే పెట్టుకున్నారు. కల్తీ ఉండదు, అరువు ఉండదు, మిగిలిన లాభాన్ని ఎవరెంత కొన్నారో ఆ పద్దు ప్రకారం పంచుకుంటారు. ఆ ఆలోచనతోనే 1904లో తిరువళ్ళికేణిలో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ మొదలైంది. మన దేశంలో తొలి వినియోగదారుల సహకార సంఘాల్లో అదొకటి. పాత మద్రాసువాళ్ళు దాన్ని టక్స్ అనేవాళ్ళు. గుమాస్తాల ఇళ్ళకు కొలత తగ్గని బియ్యం, కల్తీలేని నూనె అందించిన సంస్థ అది. సభ్యుల చేతుల్లోంచి జారి ప్రభుత్వ శాఖల పద్ధతిలో పడ్డాక దాని చురుకు తగ్గింది. ఇంగ్లండులో మాత్రం ఆ సహకార సంఘాలే కొత్త పుంతలు తొక్కాయి. 1942లో లండన్ కోఆపరేటివ్ సొసైటీ వాళ్ళు రామ్‌ఫర్డ్‌లో కొనేవాళ్ళే సరుకు తీసుకునే పద్ధతి పెట్టారు. యుద్ధకాలంలో కౌంటరు వెనక నిలబడడానికి మనుషులు దొరక్క చేసిన ఏర్పాటు అది. సెయిన్స్‌బరీస్ ఆ పద్ధతికి మారింది 1950లో, క్రాయిడన్ కొట్లో.

ఇక మన తెలుగువాళ్ళ సంగతి. కొత్వాల్ చావడి పేరు విననివాళ్ళు మద్రాసు తెలుగువాళ్ళలో ఉండరు. ఊరికంతటికీ కూరగాయలు, పళ్ళు, పచారీ సరుకులు ఒకప్పుడు అక్కడినుంచే. ఆ మార్కెట్టు కన్యకా పరమేశ్వరి దేవస్థానం వారిది, అంటే మన కోమట్లది. పక్కన గోవిందప్ప నాయకన్ వీధి నిండా టోకు కొట్లు. 1996లో కూరగాయల మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయింది. మదనపల్లె టమాటా ఇవాళ లారీ దిగేది అక్కడే. కోమట్ల చేతిలోని చిల్లర వ్యాపారం అంతకు ముందే మెల్లమెల్లగా తిరునల్వేలి, తూత్తుకుడి వైపునుంచి వచ్చిన నాడార్ల చేతికి వెళ్ళింది. వాళ్ళను అందరూ అణ్ణాచ్చి అంటారు. వీధికొక అణ్ణాచ్చి కొట్టు వెలసింది.

అణ్ణాచ్చి పని చేసే తీరు ఎప్పుడైనా గమనించారా? సరుకుల చీటీ చేతికివ్వగానే ఒకసారి పైనుంచి కిందిదాకా చూస్తాడు. పప్పు తూచి కాగితంలో పోస్తాడు, పైన వేలాడే పురికొసను ఒక చేత్తో లాగి పొట్లానికి రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపుతాడు. ఈలోపు ఇంకో ఇద్దరికి చిల్లర ఇచ్చేస్తాడు. "పోయిన నెల మినప్పప్పు రెండు కిలోలు తీసుకున్నారు, ఈసారి ఒకటే రాశారేంటమ్మా?" అంటాడు. 1995లో టెస్కో క్లబ్‌కార్డు తెచ్చింది ఈ పని కోసమే. ఎవరింటికి ఏం వెళ్తోంది, ఏం మానేశారు, దేనికి తగ్గింపు ఇస్తే మళ్ళీ వస్తారు అన్న లెక్క. సెయిన్స్‌బరీస్ వాళ్ళు మొదట్లో దాన్ని వెటకారం చేశారు. ఆ ఏడే సెయిన్స్‌బరీస్‌ను దాటి టెస్కో మొదటి స్థానానికి వెళ్ళింది. అణ్ణాచ్చికి కార్డు అక్కర్లేదు. కొట్టు ఒక్కటే కాబట్టి తల చాలు. కొట్లు పెరిగితే తల చాలదు. గొలుసు దుకాణాల అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

1996లో స్పెన్సర్ వాళ్ళే ఫుడ్‌వరల్డ్ పేరుతో రాజా అణ్ణామలైపురంలో సూపర్‌మార్కెట్ తెరిచారు. తరవాత హాంగ్‌కాంగ్ డెయిరీ ఫార్మ్ వాళ్ళు భాగస్వాములుగా చేరారు. ఆ డెయిరీ ఫార్మ్‌ది కూడా బ్రిటిష్ మూలమే. 1886లో ప్యాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండ్ వైద్యుడు హాంగ్‌కాంగ్‌కు శుభ్రమైన పాలు దొరకాలని పెట్టిన సంస్థ. బుట్ట పట్టుకుని అరల మధ్య తిరగడం, తీసిన డబ్బాను తిప్పి చూసి మళ్ళీ అక్కడే పెట్టేయడం, ఎవరూ ఏమీ అనకపోవడం చెన్నై ఇల్లాళ్ళకు నచ్చింది. అయితే ఏసీ ఖర్చు, అద్దె, అంతమంది సిబ్బంది జీతాలు ధరలో కనబడకుండా పోతాయా? చల్లగా ఉందని చూడ్డానికి వెళ్ళి, నెల వెచ్చాలు మాత్రం అణ్ణాచ్చి దగ్గరే తెచ్చుకున్నవాళ్ళు ఎందరో.

ఆ సందులోకి సుభిక్ష వచ్చింది. ఇక్కడ ధర గురించి ఒక మాట చెప్పాలి. బ్రిటన్‌లో 1964 దాకా ధర నిర్ణయించేది తయారీదారుడే. కొట్టువాడు అంతకన్నా తగ్గించి అమ్మితే సరుకు ఆపేసేవాడు. టెస్కో పెట్టిన జాక్ కోహెన్ దీనికి బద్ధశత్రువు. ఈయన పోలండు నుంచి వలస వచ్చిన యూదు దర్జీ కొడుకు. 1919లో యుద్ధంలో మిగిలిపోయిన డబ్బా సరుకును తూర్పు లండన్ సంతలో బండి మీద పెట్టి అమ్మడంతో మొదలుపెట్టాడు. మొదటిరోజు నాలుగు పౌన్లు అమ్మితే ఒక పౌను మిగిలింది. గుట్టగా పోసి చౌకగా అమ్మడమే ఆయనకు తెలిసిన విద్య. 1964లో అప్పటి మంత్రి ఎడ్వర్డ్ హీత్ తెచ్చిన చట్టం తయారీదారుడి పట్టు వదిలించాక సూపర్‌మార్కెట్లకు కట్లు తెగాయి. మన దగ్గర ఎమ్మార్పీ ఉంది. అది పైకి గీసిన గీత మాత్రమే. అంతకు మించి అమ్మకూడదు గాని, తగ్గించి అమ్ముకోవచ్చు. ఏళ్ళ తరబడి కొట్లవాళ్ళు ఆ గీత మీదే నిలబడి అమ్మారు. అలా కాకుండా ప్రతి వస్తువూ, ప్రతిరోజూ గీత కింద అమ్ముతామని సుభిక్ష వచ్చింది. మందుల మీద కూడా తగ్గింపు ఇచ్చింది. బీపీకో షుగరుకో నెలనెలా మాత్రలు కొనే ఇంటికి ఇది చిన్న సంగతి కాదు.

దాన్ని నడిపిన ఆర్. సుబ్రమణియన్ ఐఐటీ మద్రాసు, ఐఐఎం అహ్మదాబాదుల్లో చదువుకున్నాయన. మొదటి ఏళ్ళలో ఆయన లెక్క చక్కగా ఉంది. పక్క వీధిలో చిన్న కొట్టు, తక్కువ అద్దె. తక్కువ రకాలు, వేగంగా అమ్ముడయ్యేవే. కంపెనీల దగ్గర నగదిచ్చి కొని తగ్గింపు రాబట్టడం. వంద రూపాయల సరుకు మీద మూడు రూపాయలే మిగలనీయండి. ఆ సరుకు నెలకు రెండుసార్లు అమ్ముడై మళ్ళీ కొట్లోకి వస్తే ఏడాదికి ఆ వంద మీద డెబ్బయి రెండు రూపాయలు. చౌక కొట్టు ప్రాణమంతా ఆ తిరుగుడులో ఉంది. అర ఒక్కరోజు ఖాళీగా ఉన్నా తిరుగుడు ఆగుతుంది.

తమిళనాడు దాటాక ఆ లెక్క తప్పింది. ఐసీఐసీఐ వెంచర్ అప్పటికే వాటా తీసుకుంది. 2008లో అజీం ప్రేమ్‌జీ పెట్టుబడి సంస్థ పది శాతం కొంది. వంద పైచిలుకు కొట్ల సంస్థ రెండు మూడేళ్ళలో దేశమంతా కలిపి దాదాపు 1600 కొట్లయింది. మధ్యలో సెల్‌ఫోన్ల దుకాణాలు కూడా. అంత విస్తరణకు సొంత లాభం సరిపోదు కాబట్టి అప్పు తెచ్చారు. 2008 చివర ప్రపంచమంతటా అప్పులు పుట్టని రోజులు వచ్చాయి. చేతిలో నగదు లేక సరుకు రాలేదు, సరుకు లేక గిరాకీ రాలేదు. 2009 మొదట్లో కొట్లు మూతపడ్డాయి, జీతాలు ఆగాయి. బయట బోర్డు, లోపల ఖాళీ అరలు, షట్టరు ముందు బాకీ కోసం కాపలా కాసిన సరఫరాదార్లు. ఆ దృశ్యం చెన్నైలో చాలా వీధుల్లో కనిపించింది.

ఇప్పుడు ఆల్డీని చూడండి. బ్రిటన్‌లో మొదటి కొట్టు 1990లో బర్మింగ్‌హామ్ శివారులో తెరిచింది. నాలుగో స్థానానికి చేరింది 2022లో. మధ్యలో ముప్పయి రెండేళ్ళు. కుటుంబ సంస్థ కాబట్టి మూణ్ణెల్లకొకసారి షేరు మార్కెట్టుకు లెక్క అప్పజెప్పే బాధ లేదు. సొంత ముద్ర సరుకు కాబట్టి తగ్గింపు కోసం పెద్ద కంపెనీల గుమ్మం ఎక్కనక్కర్లేదు. మొదట్లో టెస్కోవాళ్ళు ఆల్డీని లెక్కచేయలేదు. 2008 మాంద్యంలో మధ్యతరగతి ఆల్డీ గుమ్మం తొక్కాక పాత కొట్లకు తిరిగి వెళ్ళలేదు. సుభిక్షను ముంచిన ఆ మాంద్యమే ఆల్డీని పైకెత్తింది. నా ఉద్దేశంలో సుబ్రమణియన్ ఆలోచన తప్పు కాదు, తొందర తప్పు. అరువు వద్దన్న రాచ్‌డేల్ నేతగాళ్ళకు ఆ పాటి వివేకం ఉంది.

చెన్నైలో తొందరపడకుండా గెలిచినవాళ్ళు ఎవరని అడిగితే టీ నగర్ చూపిస్తాను. ఆ పేటకు పేరు ఇచ్చిన పిట్టి త్యాగరాయ శెట్టిగారు తెలుగు దేవాంగుడు. పక్కనున్న పానగల్ పార్కు పేరు కాళహస్తి పానగల్ రాజాగారిది. ఆ పేటలో రంగనాథన్ వీధిలో 1970 ప్రాంతాల్లో సెల్వరత్నం సోదరులు పాత్రల కొట్టుతో మొదలుపెట్టిందే శరవణా స్టోర్స్. వాళ్ళకు సూపర్‌మార్కెట్ పాఠాలు ఎవరూ చెప్పలేదు. సొంత భవనం కట్టి, తయారీదారుల దగ్గరనుంచే నేరుగా టోకున కొని, గిన్నె దగ్గరనుంచి బంగారం దాకా ఒకే గుమ్మంలో పెట్టారు. లాభం తక్కువ, జనం ఎక్కువ. పండగ ముందు ఆ వీధిలో మనం నడవనక్కర్లేదు, జనమే తీసుకెళ్ళి గుమ్మంలో దింపుతారు. నెల్లూరు, చిత్తూరు జిల్లాలనుంచి పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళతో మెట్ల దగ్గర తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. తరవాత కుటుంబం పంచుకుంది, పేర్లు చీలాయి. ఒక వాటాదారు తన ప్రకటనల్లో తానే నటించి, 2022లో సినిమా హీరో కూడా అయ్యాడు! ఇంగ్లండులో ఏ సూపర్‌మార్కెట్ యజమానీ ఇంతకు తెగించలేదు.

ఈ చౌకదనానికి ఇంకెవరో ధర చెల్లిస్తున్నారు. వసంతబాలన్ 2010లో తీసిన అంగాడి తెరు సినిమా అదే చూపించింది. తెలుగులో షాపింగ్ మాల్ పేరుతో వచ్చింది. దక్షిణ జిల్లాల పల్లెలనుంచి వచ్చిన పిల్లలు పగలంతా నిలబడే ఉంటారు, రాత్రి గుంపుగా ఒక గదిలో పడుకుంటారు. కాళ్ళ నరాలు ఉబ్బిన ఆడపిల్లలు ఈ ఊళ్ళో ఎందరో. కొట్లో పనిచేసేవాళ్ళకు కూర్చోవడానికి ఆసనం ఉండాలని తమిళనాడు 2021లో చట్టం సవరించింది. ముక్కాలిపీట కోసం చట్టం కావలసి వచ్చింది.

మన తెలుగు సంస్థలూ ఈ పోటీలో దిగాయి. హైదరాబాదులో 1986లో పుట్టిన త్రినేత్రను 2007లో ఆదిత్య బిర్లా కొంది, ఇవాళ మనం చూస్తున్న మోర్ అలా వచ్చింది. హెరిటేజ్ ఫుడ్స్ వాళ్ళు హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో నడిపిన హెరిటేజ్ ఫ్రెష్ కొట్లను 2016లో ఫ్యూచర్ గ్రూపుకు ఇచ్చేశారు. ఆ ఫ్యూచరే తరవాత అప్పుల్లో కూరుకుపోయింది. 2022లో దాని దుకాణాలు చాలావరకు రిలయన్స్ చేతికి వెళ్ళాయి. పెద్ద చేప కడుపులో ఇంకో పెద్ద చేప. బ్రిటన్‌లో 2019లో సెయిన్స్‌బరీస్, ఆస్డా కలిసిపోవాలనుకుంటే అక్కడి పోటీ నియంత్రణ సంస్థ కుదరదంది. కలిస్తే ధరలు పెరుగుతాయన్నది దాని వాదన. సరఫరాదార్లను సూపర్‌మార్కెట్లు పీడించకుండా చూడ్డానికి 2013 నుంచి అక్కడ ప్రత్యేక అధికారి కూడా ఉన్నారు. కోయంబేడుకు లారీ పంపే మదనపల్లె రైతుకు అలాంటి దిక్కు లేదు.

2012లో కేంద్రం విదేశీ సూపర్‌మార్కెట్లకు 51 శాతం వాటా దాకా తలుపు తెరిచింది. అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత వద్దన్నారు. ఇక్కడి వ్యాపార సంఘాలూ గట్టిగా ఎదిరించాయి. టెస్కో 2014లో టాటాల ట్రెంట్‌తో చెయ్యి కలిపి స్టార్ దుకాణాలతో సరిపెట్టుకుంది. అప్పట్లో అందరి భయమూ విదేశీ కొట్టు గురించే. ఇప్పుడు పోటీ వచ్చింది ఇంకోవైపునుంచి. బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ బళ్ళు నిమిషాల్లో పాలప్యాకెట్టు తెచ్చిస్తామంటూ వీధుల్లో పరుగులు తీస్తున్నాయి. ఇందులో ఎవరు మిగులుతారో ఇప్పుడే చెప్పలేను. సొంత లాభంతో పెరుగుతున్నవాళ్ళెవరో, ఇతరుల డబ్బుతో పెరుగుతున్నవాళ్ళెవరో చూసుకోండి. సుభిక్ష కథ తెలిసినవాళ్ళకు మిగతా లెక్క కష్టం కాదు.

చివరగా ఒక మనవి. ఈ పోటీలో ధర తగ్గినట్టు చూపించి, ప్యాకెట్టులో గ్రాములు తగ్గించే పద్ధతి బాగా పెరిగింది. ప్యాకెట్టు మీద ఎమ్మార్పీతో పాటు గ్రాముకెంత, మిల్లీలీటరుకెంత అని కూడా ముద్రించాలన్న నిబంధన ఇప్పుడు మనకుంది. అది సన్న అక్షరాల్లో ఉంటుంది. ఈసారి సూపర్‌మార్కెట్టుకు వెళ్ళినా, అణ్ణాచ్చి కొట్టుకు వెళ్ళినా, ఫోనులో తెప్పించుకున్నా కొట్టొచ్చినట్టు కనబడే తగ్గింపు అంకెను కాదు, ఆ సన్న అక్షరాలను చదవండి. రెండు ప్యాకెట్ల గ్రాము ధరలు పోల్చి చూశాకే డబ్బివ్వండి. కళ్ళజోడు దగ్గర పెట్టుకుని వెళ్ళండి.